ఓడలు ఢీకొనకుండా రాడార్ లెక్క

(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. గురించో, మెడికల్ బిల్లుల గురించో కాకుండా ఓడల గురించి మాట్లాడతానంటే కార్యదర్శిగారు నవ్వి, "సరే, పదిహేను నిమిషాలే సుమండీ" అన్నారు. దువ్వాడలో కూర్చుని ఓడల మాటెందుకంటే, మన పక్కనున్న ఉక్కు కర్మాగారానికి కోకింగ్ బొగ్గు ఎక్కువ భాగం ఓడల మీదే వస్తుంది. పైగా మన మనవలు కొందరు మర్చెంట్ నేవీలో చేరుతున్నారు. నేను ఓడ నడిపినవాణ్ణి కాను. ఓడ అధికారుల దరఖాస్తులు, సర్టిఫికెట్ల నకళ్ళు చూసే ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేశాను. ఆ కాగితాల్లో 'రాడార్ అబ్జర్వర్' అనే కోర్సు పేరు తరచు కనబడేది. తెర మీద చుక్కను చూడడానికి కోర్సెందుకని నేనడిగితే, పెద్ద కెప్టెన్లు ఓపిగ్గా చెప్పారు. వారు చెప్పిందీ, తర్వాత చదివి తెలుసుకున్నదీ మీ ముందుంచుతాను.

రాడార్ రేడియో తరంగాలను పంపుతుంది. అవి దేనికైనా తగిలి తిరిగి వస్తే తెర మీద చుక్క పడుతుంది. ఆ వస్తువు ఏ దిక్కున, ఎంత దూరంలో ఉందో తెలుస్తుంది. అంతే. అది ఎటు పోతున్నదో ఒక్క చుక్క చెప్పదు. తుఫాను రోజుల్లో మనం రేడియో బులెటిన్లు వినేవాళ్ళం కదా. ఒక్క బులెటిన్ వింటే తుఫాను ఎక్కడుందో తెలిసేది. వరసగా మూడు విని స్థానాలు కలుపుకుంటే అది ఎటు వస్తున్నదో తెలిసేది. రాడార్ ప్లాటింగ్ అంటే ఇదే.

ఒక లెక్క చెప్తాను. తొమ్మిది గంటలకు ఎదుటి ఓడ 10 మైళ్ళ దూరంలో ఉంది. 9.06కు 8 మైళ్ళు. 9.12కు 6 మైళ్ళు. దిక్కు మాత్రం మారలేదు. అంటే ఎవరూ దారి మార్చకపోతే 9.30కి రెండూ ఢీకొంటాయి. దూరం తగ్గుతూ దిక్కు మారకపోతే ప్రమాదమేనని ఓడల నిబంధనల్లోనే ఉంది. ఆరేసి నిమిషాలే ఎందుకంటే, అది గంటలో పదోవంతు. వచ్చిన దూరాన్ని పదితో గుణిస్తే వేగం. ఇక్కడ ఆరు నిమిషాలకు 2 మైళ్ళు, అంటే గంటకు 20 మైళ్ళ వేగంతో దగ్గరవుతున్నాయి.

అయితే ఇందులో ఒక చిక్కుంది. దువ్వాడ స్టేషనులో ఆగిన రైల్లో కూర్చున్నప్పుడు పక్క రైలు కదిలితే మన రైలే కదిలినట్టు అనిపిస్తుంది. రాడార్ తెరమీదా అంతే. మన ఓడ కదులుతూ ఉంటుంది కనుక, ఎదురుగా ఉన్న చుక్క దగ్గరవుతున్నదంటే ఆ ఓడ మన మీదికి వస్తూ ఉండవచ్చు, ఆగి ఉండవచ్చు, లేదా మనకంటే నెమ్మదిగా అదే దారిన పోతూ ఉండవచ్చు. అందుకని అధికారి ప్లాటింగ్ షీటు మీద స్థానాలు గుర్తించి, మన ఓడ కదలికను అందులోంచి తీసేసి, ఒక త్రిభుజం గీస్తాడు. అప్పుడు అవతలి ఓడ అసలు దారి, వేగం బయటపడతాయి. రెండూ ఎంత దగ్గరగా వస్తాయో, ఎప్పుడు వస్తాయో తెలుస్తుంది.

ఈ లెక్క కట్టకపోతే ఏమవుతుందో 1956 జులై 25 రాత్రి లోకానికి తెలిసింది. అమెరికాలోని నాన్‌టకెట్ దగ్గర ఇటలీ ఓడ ఆండ్రియా డోరియా, స్వీడన్ ఓడ స్టాక్‌హోమ్ ఢీకొన్నాయి. రెంటికీ రాడార్లున్నాయి. మంచు కమ్మిన దారిలో వస్తున్న ఆండ్రియా డోరియా మీద తెరను చూస్తూనే ఉన్నారు గాని స్థానాలు గుర్తించి లెక్క కట్టలేదు. ఒక ఓడ ఎడమకు, రెండోది కుడికి తిరిగాయి. రెండు ఓడల్లో కలిపి 51 మంది పోయారు. ఆండ్రియా డోరియా మర్నాడు మునిగిపోయింది. ఇలాంటివాటికి 'రాడార్ సాయంతో జరిగిన ఢీ' అని నావికులు చేదుగా పేరు పెట్టుకున్నారు.

1972లో తయారై 1977లో అమల్లోకి వచ్చిన అంతర్జాతీయ నిబంధనల్లో ఏడోది, అరకొర సమాచారంతో, ముఖ్యంగా అరకొర రాడార్ సమాచారంతో ఒక అంచనాకు రావద్దంటుంది. ఎనిమిదోది, దారి మార్చితే అవతలి ఓడకు స్పష్టంగా కనబడేటంత మార్చమంటుంది. కొంచెం కొంచెంగా మార్చితే రాడార్‌లో చూసేవాడికి తెలియదు. ఒక్క కాగితం చూసి ఫైలు మీద నోటు రాయకూడదని మనకు మన హెడ్‌క్లర్కులు నేర్పలేదా? అదే నీతి. కాకపోతే మన ఫైలు రేపటికి ఆగేది, సముద్రం ఆగదు.

నావికుల శిక్షణ ఒప్పందానికి 1995లో జరిగిన సవరణలు రాడార్ శిక్షణకు సిమ్యులేటర్‌ను తప్పనిసరి చేశాయి. ఓడ బ్రిడ్జి లాంటి గదిలో కుర్రవాణ్ణి తెర ముందు నిలబెడతారు. పక్క గదిలోంచి శిక్షకుడు ఒకేసారి నాలుగైదు ఓడలు వదులుతాడు. వాన కురిపిస్తాడు. ఒక ఓడను చెప్పకుండా తిప్పేస్తాడు. కుర్రవాడు కంగారు పడకుండా ఏది ప్రమాదమో తేల్చి, సమయం ఉండగానే దారి మార్చాలి. అక్కడ ఢీకొన్నా ఎవరికీ దెబ్బ తగలదు. మళ్ళీ చేయిస్తారు.

ఈ రోజుల్లో లెక్కంతా ఆర్పా అనే యంత్రమే కడుతుంది కదా అని మా మనవడు అడిగాడు. కడుతుంది. కాని యంత్రానికీ నిలకడైన జవాబు చెప్పడానికి కొంత వ్యవధి కావాలి. ఓడ తిరిగినప్పుడు పాత జవాబు పనికిరాదు. 2017 జూన్‌లో జపాన్ దగ్గర అమెరికా యుద్ధనౌక ఫిట్జ్‌జెరాల్డ్ ఒక సరుకు ఓడను ఢీకొని ఏడుగురు నావికులు చనిపోయారు. కాపలాలో ఉన్నవారికి రాడార్ ప్రాథమిక విషయాలు సరిగా తెలియవని వారి నౌకాదళ విచారణే తేల్చింది. అంత గొప్ప నౌకకే ఆ గతి పట్టింది. అదే ఏడాది జనవరి 28న మన తీరంలోనే, ఎన్నూరు రేవు బయట రెండు ఓడలు ఢీకొని చమురు ఒలికితే, జనం బకెట్లతో ఎత్తిపోయడం టీవీల్లో చూశాం.

ఇంకొక్క మాట. విశాఖ రేవు 1933లో మొదలైంది, గంగవరం 2009లో వచ్చింది. ఈ రెంటి ముందు పెద్ద ఓడలు తిరిగే నీళ్ళలోనే మన మత్స్యకారుల మరపడవలు, తెప్పలు తిరుగుతాయి. చెక్క, ఫైబర్ పడవల నుంచి రాడార్‌కు బలమైన ప్రతిధ్వని రాదు. అలల గజిబిజిలో ఆ చుక్క కలిసిపోతుంది. తెర ఖాళీగా ఉందంటే సముద్రం ఖాళీగా ఉందని కాదు. అందుకే కళ్ళతో, చెవులతో కాపలా కాయమని అయిదో నిబంధన చెబుతుంది. ఆ తెప్ప మీద ఒక ఇంటి అన్నం ఉంటుంది.

కాబట్టి నా మనవి ఒక్కటే. పిల్లవాణ్ణి ఓడల చదువుకు పంపేవారు గ్రాట్యుటీ సొమ్ము కట్టేముందు ఆ సంస్థకు కేంద్ర ప్రభుత్వ గుర్తింపు ఉందో లేదో చూడండి. కోర్సు అయ్యాక సర్టిఫికెట్ వచ్చిందా అని అడిగి ఊరుకోకండి. "ఆ త్రిభుజం నువ్వు చేత్తో గీయగలవా?" అని అడగండి. గీయగలిగితే నిశ్చింతగా ఓడెక్కించండి.