బడి వద్దన్న భాష: ఓవెన్ ఎడ్వర్డ్స్ విద్యార్థి జీవితం



ఉత్తర వేల్స్‌లో బాలా సరస్సు దగ్గర లాన్‌యూఖ్లిన్ అనే పల్లె ఉంది. అక్కడ ఓ చిన్న కౌలురైతు ఇంట 1858 డిసెంబరు 26న ఓవెన్ మోర్గన్ ఎడ్వర్డ్స్ పుట్టారు. ఇంట్లో, పొలంలో, ప్రార్థనామందిరంలో వినపడేది వెల్ష్ మాటే. ఆదివారపు బడిలో పిల్లలూ పెద్దలూ వెల్ష్ బైబిలు చదివేవారు. పల్లెజనానికి సొంత భాషలో చదవడం వచ్చిందంటే చాలావరకు ఆ బడుల పుణ్యమే.

ఊరి బడి తీరు వేరు. అక్కడ చదువంతా ఇంగ్లీషులోనే. వెల్ష్ మాట్లాడిన పిల్లవాడి మెడలో తాడు కట్టిన చెక్కముక్క వేసేవారు. దాన్ని ‘వెల్ష్ నాట్’ అనేవారు. మరొకడు వెల్ష్ మాట్లాడుతూ దొరికితే చెక్క వాడి మెడకు మారేది. బడి వదిలేవేళకు ఎవరి మెడలో ఉంటే వాళ్లకు దెబ్బలు. తప్పించుకోవాలంటే తోటివాడిని పట్టివ్వాలి. చెక్క తన మెడలో ఎన్నోసార్లు వేలాడినా దాన్ని మరొకరికి అంటగట్టాలని చూడలేదని 1906లో వచ్చిన జ్ఞాపకాల పుస్తకం ‘క్లిఖ్ అట్గోవ్’లో ఆయన రాశారు.

ఇది ఒక్క మాస్టారి కాఠిన్యం కాదు. వెల్ష్ భాష ప్రజల పురోగతికి అడ్డమని 1847 నాటి ప్రభుత్వ నివేదిక తేల్చింది. దాన్ని రాసిన ముగ్గురు కమిషనర్లకూ వెల్ష్ రాదు!

బాలా పట్టణంలో మతవిద్య చదివాక ఓవెన్ 1880లో అబెరిస్ట్విత్ కాలేజీలో చేరారు. సముద్రం ఒడ్డున, హోటల్‌గా కట్టిన భవనంలో 1872లో మొదలైన కాలేజీ అది. ప్రార్థనామందిరాల్లో సామాన్యులు ఇచ్చిన పెన్నీలే తొలినాళ్లలో దానికి ఊపిరి. తర్వాత గ్లాస్గోలో ఏడాది, 1884 నుంచి ఆక్స్‌ఫర్డ్‌లోని బేలియల్ కాలేజీ. 1887లో చరిత్రలో ప్రథమశ్రేణి వచ్చింది.

ఆక్స్‌ఫర్డ్‌లో ఆయనకు దొరికిన మరో చదువు స్నేహితుల గదుల్లో సాగింది. 1886లో వెల్ష్ విద్యార్థులు మధ్యయుగ కవి దావిద్ ఆప్ గ్విలిమ్ పేరిట సంఘం పెట్టుకున్నారు. గదుల్లో చేరి వెల్ష్‌లోనే మాట్లాడుకుంటూ వర్ణక్రమం గురించి, వచనం గురించి వాదించుకునేవారు. వారిలో జాన్ మోరిస్-జోన్స్ తర్వాత వెల్ష్ వ్యాకరణానికి ప్రామాణికుడయ్యారు.

ఓవెన్ ఆ భాషను పండితుల మధ్యే ఉంచలేదు. ఆక్స్‌ఫర్డ్‌లో చరిత్ర బోధిస్తూనే 1891లో ‘కమ్రి’ పత్రికను, 1892లో పిల్లల కోసం ‘కమ్రిర్ ప్లాంట్’ను ప్రారంభించారు. రైతుబిడ్డ సులువుగా చదువుకోగల తేట వచనం రాశారు. 1907లో వేల్స్ పాఠశాలల ప్రధాన తనిఖీ అధికారి అయ్యాక బడిలో వెల్ష్‌కు చోటు కోసం 1920లో మరణించేదాకా పాటుపడ్డారు. ఆయన కుమారుడు ఇవాన్ 1939లో అబెరిస్ట్విత్‌లో ఏడుగురు పిల్లలతో తొలి వెల్ష్ మాధ్యమ ప్రాథమిక పాఠశాల తెరిచారు.

ఈ సభలోని విద్యార్థులకు ఒక విన్నపం. ఓవెన్ రైతుబిడ్డ కోసం రాసినట్టే, మీరు విశ్వవిద్యాలయంలో నేర్చుకుంటున్న శాస్త్రంలో ఒక్క సంగతినైనా, ఊళ్లో పదేళ్ల పిల్లకు అర్థమయ్యే తెలుగులో ఈ ఏడాదే రాయండి.