చెవియు, చీటియు: ధ్వనిమాపక యంత్రము



పిల్లలకు శబ్దమంజరియు, వ్యాకరణమును చెప్పి ముసలివాడనైన నాకు యంత్రవిద్య గురుముఖమున వచ్చినది కాదు. ఐనను నేడు ధ్వనిమాపకమను నొక చిన్న యంత్రమును గూర్చి నాలుగు మాటలు మనవి చేయ సాహసించుచున్నాను. ఏలయన, దాని సాక్ష్యమును సగమే విని నేనొక నిరపరాధిని దోషిగా నిలుపబోతిని.

మా యింటి ప్రక్కనొక వృద్ధురాలు కలదు. వీధి చివరనున్న బియ్యపుమర అర్ధరాత్రి వరకు తిరుగుటచే తనకు కంటికి కునుకు లేదని యామె మొర. “నాయనా! చదువుకున్నవాడివి, ఒక అర్జీ రాసిపెట్టు” అని నన్నడిగెను. ఇంజనీరైన నా పూర్వశిష్యుడొకడు సౌండ్ లెవెల్ మీటరును, దానికి తగిన చిన్న ప్రింటరును, రికార్డరును తెచ్చి యిచ్చి, వాడుక నేర్పి వెళ్లెను.

ఈ యంత్రము చేత పట్టుకొనదగినది. కొనయందు మైకు, నడుమ అంకెలు కనబడు పలక. ఇది ధ్వనిని డెసిబెళ్లలో చెప్పును. ఈ కొలత మన శేరు, సోలలవంటిది కాదు. 60 డెసిబెళ్ల మర యొకటి తిరుగుచుండగా అటువంటిదే మరియొకటి చేరినచో మొత్తము 120 కాదు, 63 మాత్రమే. కావున 3 డెసిబెళ్ల హెచ్చు స్వల్పమని త్రోసివేయరాదు. ధ్వనిశక్తి రెండింతలైనదని దాని యర్థము.

కొలుచుటకు ముందు కాలిబ్రేటరను బుడ్డిని మైకునకు తొడుగవలెను. అది 1000 హెర్ట్‌జుల నాదమును 94 డెసిబెళ్ల బలముతో నిచ్చును. మీటరును 94 అనియే చూపవలెను. పిమ్మట మనుష్యుని చెవి తీరు ననుసరించు ‘ఎ’ అను వడపోతను ఎన్నుకొనవలెను. మన దేశమున 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమావళి చెప్పు హద్దులు ఈ వడపోతతోడివే: నివాస ప్రదేశములందు పగలు 55, రాత్రి 10 గంటలు మొదలు ఉదయము 6 వరకు 45 డెసిబెళ్లు.

ఇక చీటి సంగతి. మీటరును ప్రింటరును ఒకే వేగమున మాటలాడవలెను. ఒకటి సెకనునకు 9600 బిట్లు పంపుచుండ, రెండవది 4800 మాత్రమే గ్రహించునట్లున్నచో కాగితముపై పిచ్చిగీతలు పడును. గురువు వడిగా చెప్పగా శిష్యుడు మెల్లగా వ్రాసికొన్నట్లే. తేదీయు గడియారమును ముందే సరిచేయనిచో ఆ చీటి సాక్ష్యమునకు కొరగాదు. వేడిచే అచ్చుపడు కాగితము కొంతకాలమునకు వెలిసిపోవును గనుక నకలు తీసి యుంచుట మేలు.

శబ్దమును వెలికి పంపు రంధ్రము వేరు. మైకు విన్నదానినే విద్యుద్రూపమున అది రికార్డరునకు, ఇయర్‌ఫోనునకు అందించును. ఆ రంధ్రమునకే మరియొక అమరికయు కలదు. దానిచే డెసిబెళ్లకు తగిన వోల్టేజి మాత్రము వెలువడును. అది రేఖలు గీయు యంత్రమునకు పనికివచ్చును గాని చెవికి పనికిరాదు. కావున వినదలచినవారు నాదపు అమరికనే ఎన్నుకొనవలెను.

శిష్యుడు చెప్పినట్లే అన్నియు అమర్చి, వృద్ధురాలి కిటికీకడ యంత్రము నుంచి నిద్రించితిని. తెల్లవారునప్పటికి 10 నిమిషముల కొక వరుస చొప్పున చీటి అచ్చుపడియుండెను. అర్ధరాత్రివేళ 58! నేను సంతోషముతో అర్జీ వ్రాసితిని. రికార్డరు సంగతియే మరచితిని.

అర్జీ పంపకమునుపే ఆ వార్త మర యజమానికి చేరెను. అతడు వచ్చి, “పంతులుగారూ! ఆ రాత్రి కరెంటే లేదు గదండీ. నా మర తిరగనే లేదు” అనెను. నేను నిర్విణ్ణుడనైతిని. అప్పుడు రికార్డరు పెట్టి వినగా, ఏమి చెప్పుదును! ముందునాటి వానకు చెరువు నిండి, కప్పలు ఎడతెగక బెకబెకలాడుచున్నవి. యంత్రము బొంకలేదు. ఎంత ధ్వని యని యడిగిన ప్రశ్నకు బదులు చెప్పినది. ఎవరి ధ్వని యని నేను దానిని అడుగలేదు.

అర్జీ చింపివేసితిని. కాని వృద్ధురాలి బాధయు అబద్ధము కాదు. వానలు వెలిసిన పిమ్మట, యజమానిని ఎదుటనే కూర్చుండబెట్టుకొని, రాత్రి 10 గంటలు దాటిన తరువాత మరల కొలిచితిమి. మర తిరుగునప్పుడు 52, నిలిపినప్పుడు 38. రెంటికి నడుమ భేదము 10 డెసిబెళ్లకు మించినందున ఆ 52 మరదేయని నిశ్చయింపవచ్చును. యజమాని ఇయర్‌ఫోను చెవిని పెట్టుకొని తన మర మ్రోతను తానే వినెను, చీటిని చూచెను, మారు పలుకలేదు. “పది కొట్టేసరికి కట్టేస్తానండీ” అనెను. నాటినుండి ఆ మాట నిలుపుకొనుచున్నాడు.

మొదటి చీటియే అధికారులకు చేరియున్నచో, అది యబద్ధమని తేలి, వృద్ధురాలి నిజమైన మొరయు దానితోనే కొట్టుపడియుండెడిది. గ్రామములందు తగవులు తీర్చు పెద్దలు గనుక మీకీ విషయము మనవి చేసితిని. అంకె చూపువారు వచ్చినప్పుడు చీటితోపాటు ధ్వనిని కూడ వినిపింపుమని అడుగుడు. ఎదుటివానిని పిలిపించి, వాని సమక్షముననే కొలిపింపుడు.