గుర్రపు రౌతు బొమ్మ
(రజతోత్సవ ప్రసంగ పాఠము)



బొమ్మ యనగానే పిల్లల వస్తువని పెద్దలు త్రోసివేయుట కద్దు. కాని బెత్తెడు ఎత్తైనను లేని గుర్రపు రౌతు బొమ్మకు రంగు వేయుటకై పది పుస్తకములు తిరుగవేయు పెద్దలు ప్రపంచమున ఎందరో కలరు. పాత బొమ్మలను సేకరించుట, వానికి రంగులు దిద్దుట, బల్లపై బారులు తీర్చి పూర్వ యుద్ధములను నియమబద్ధముగా ఆడుట వారి వ్యాసంగము. చరిత్రను కంటితోనే గాక చేతితోను చదువుట యన ఇదియే.

యుద్ధమును ఆటగా మలచుట మన దేశమునకు క్రొత్త కాదు. చదరంగమునకు పూర్వనామమైన చతురంగము రథ గజ తురగ పదాతులను నాలుగంగముల పేరు. పడమట ప్రష్యా దేశమున రైస్విట్జ్ అను సైనికాధికారి, పటముపై చిన్న దిమ్మెలను కదిపి పాచికలతో ఫలము నిర్ణయించు యుద్ధక్రీడను 1824లో ప్రకటించెను. సేనానుల శిక్షణకు అది ఉపకరించెను. 1913లో ఆంగ్ల రచయిత హెచ్. జి. వెల్స్ ‘లిటిల్ వార్స్’ అను చిన్న పొత్తమున, బొమ్మ సిపాయిలతో ఇంటిలో ఆడుకొను నియమములు వ్రాసెను. బొమ్మల యుద్ధము ఆడినవానికి నిజమైన యుద్ధమెంతటి అనర్థమో బోధపడునని ఆయన వాదము. మరుసటి యేడే ప్రపంచ యుద్ధము వచ్చెను.

ఆ బొమ్మల తయారీ తెలియదగినది. 1893లో లండను నగరమున విలియం బ్రిటన్ సంస్థవారు బోలుపోత విధానమును చేపట్టిరి. కరగిన సీసపు మిశ్రమమును అచ్చులో పోయగా, అచ్చును తాకిన భాగము ముందుగా గట్టిపడును. నడుమ నున్న ద్రవమును వెంటనే వంచివేయుదురు. లోపల బోలుగా మిగులును. సీసము తక్కువ పట్టుటచే వెలయు తగ్గెను. వారు ఆ విధముగా మొదట పోసినవి గుర్రపు రౌతులే. పసుపుపచ్చని అంగీల స్కిన్నరు దళము మొదలైన భారత అశ్వికుల బొమ్మలను గూడ పిదప పోసిరి.

రంగు దిద్దువాడు ముందు బొమ్మను కడిగి ఆరబెట్టి, పలుచని అడుగుపూత పూయును. పిదప గుర్రపు వన్నె. పల్లములలో ముదురు రంగు నిలిపి, మిట్టలపై లేత రంగు తాకించినచో గుర్రపు కండలు ఉబికి కనిపించును. జీను, కళ్లెము, బల్లెపు జెండా చివరి పనులు. చేర్యాల నకాషీ వారికిని, కొండపల్లి పొనికి కర్ర బొమ్మలవారికిని ఈ ఓర్పు తెలియనిది కాదు.

కుంచె కన్న కష్టమైనది, ఏ రౌతుకు ఏ దుస్తు తగునో తెలిసికొనుట. మన సీమ చరిత్రయే దీనికి చాలినంత పని కల్పించును. వనపర్తి సంస్థానాధీశుల కొలువులో ఆఫ్రికా జాతి రౌతులుండిరి. ఆ దళము పిదప నిజాము కొలువునకు చేరెను. ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ అను దాని పేరే నేటి హైదరాబాదులోని ఏ.సీ. గార్డ్స్ పేటకు నిలిచినది. నిజాము సైన్యమునుండి పుట్టిన దక్కన్ హార్స్ దళము 1916 జూలై 14న ఫ్రాన్సు దేశపు సోమ్ రణరంగమున, మరతుపాకుల కాలమున, బల్లెములతో గుర్రములపై ముందుకురికెను. ఆ రౌతుకు ఉత్సవపు రంగులు పనికిరావు, ఖాకీయే తగును. నేడా దళము గుర్రములను విడిచి ట్యాంకులపై నడచుచున్నది.

ఢిల్లీలోని తీన్‌మూర్తి కూడలియందు 1922లో నిలిపిన మూడు కంచు విగ్రహములు హైదరాబాదు, జోధ్‌పూరు, మైసూరు లాన్సర్లకు గుర్తులు. 1918 సెప్టెంబరు 23న పాలస్తీనాలోని హైఫా పట్టణమును పట్టుకొన్న దాడి లోక ప్రసిద్ధము. అయితే ఆ దాడి చేసినవారు జోధ్‌పూరు, మైసూరు రౌతులు. హైదరాబాదు దళము అదే బ్రిగేడునకు చెందినదైనను ఆ దాడిలో లేదు. సొంతసీమ మీది అభిమానముతో హైఫా బల్లపై హైదరాబాదు రౌతును ముందు నిలిపినచో ముచ్చట తీరును గాని సత్యము చెడును. అభిమానమునకును సత్యమునకును నడుమ సత్యమునే ఎన్నుకొనుట ఈ బొమ్మలు నేర్పు మొదటి పాఠము.

రెండవ పాఠము సంరక్షణ. పాత బొమ్మ వన్నె తగ్గినదని గీకి క్రొత్త రంగు వేసినచో, దానిని మొదట దిద్దిన చేతి గుర్తు శాశ్వతముగా పోవును. పుస్తకమున ఒక పుట చింపుటకును దీనికిని భేదము లేదు. కొన్ని రకముల చెక్కపెట్టెల నుండి వెలువడు ఆమ్లపు ఆవిరి సీసమును తినివేయును. బొమ్మపై తెల్లని పొడి కనిపించుట దాని లక్షణము. గాలి ఆడు పొడిచోట వానిని ఉంచవలెను. సీసము విషము గనుక పసిపిల్లల నోటికి అందనీయరాదు. తాకినవారు చేతులు కడుగుకొనవలెను.

లండను బొమ్మ అందరికి దొరకదు. కాని రాతి రౌతు ఊరి పొలిమేరలోనే ఉండవచ్చును. నల్లగొండ జిల్లా చందుపట్లలో రాణి రుద్రమదేవి మరణమును తెలుపు 1289 నాటి శాసనము కలదు. ఆమె కాలపు రౌతును చెక్కి రంగువేయ దలచిన బాలుడు జీనునకు, కళ్లెమునకు ఆధారము వెదకవలసినది శిల్పములలోనే. పానగల్లు ఆలయములను, అచటి ప్రదర్శనశాలను, మహబూబ్‌నగరపు పిల్లలమఱ్ఱి ప్రదర్శనశాలను ఆ దృష్టితో చూడవలెను. తన ఊరి వీరగల్లును గూడ చూడవలెను. భక్తితోనే యైనను దానిపై ఏటేట సున్నమును, రంగును దట్టముగా పూయుటచే గుర్రపు కళ్లెము, వీరుని కత్తి పూడిపోవును. పూజ మానవలసిన పనిలేదు; పువ్వులు, దీపము చాలును.

గ్రంథాలయము పుస్తకములనే గాక చూచు కన్నును గూడ పెంచవలెను. ఊరి పిల్లలు తమ వీరగల్లుల బొమ్మలు గీసి, కొలతలు వ్రాసి, ఒక పుస్తకముగా కుట్టి ఈ బీరువాలో చేర్చినచో, రానున్న స్వర్ణోత్సవమునకు అంతకన్న మంచి కానుక వేరుండదు.