ఉమ్మడి విపణియు, పరస్పర విశ్వాసమును

(పట్టణ గ్రంథాలయ మందిరమున మేము చేసిన ఉపన్యాసము)



నైజాము రాజ్యమున కరోడ్‌గిరి యను సుంకపు శాఖ యుండెడిది. బెజవాడనుండి నల్లగొండకు బోవు సరుకు పొలిమేరలో సుంకము చెల్లించినగాని ముందునకు సాగెడిది కాదు. అటు నిటు నొకే భాష, అవే పండుగలు, అవే చుట్టరికములు. నడుమ మాత్రము సుంకపు నాకా. ఆ నాకా పోయినది. 1950లో నమలునకు వచ్చిన మన రాజ్యాంగము, కొన్ని నిబంధనలకు లోబడి, దేశమంతటను వర్తక వాణిజ్యములు స్వేచ్ఛగా నుండవలెనని 301వ అధికరణమున శాసించినది. ఐతే సుంకము తొలగినంతనే సరుకునకు దారి తెరువబడునా? ఈ ప్రశ్నకు ఐరోపాలో నడచిన యొక వ్యాజ్యము సమాధానము చెప్పుచున్నది. దానినే నేడు మీ యెదుట నుంచదలచితిమి.

ఫ్రాన్సు, పశ్చిమ జర్మనీ, ఇటలీ, బెల్జియము, నెదర్లాండ్సు, లక్సెంబర్గు అను నారు దేశములు 1957లో రోము నగరమున సంధి చేసికొని, ఉమ్మడి విపణికి పునాది వేసినవి. 1968 జూలై 1 నాటికి వాని నడుమ సుంకములు తొలగిపోయినవి. అయినను సరుకు ఆగుచునే యుండెను. ఏలయన, ప్రతి దేశమునకును సరుకు కూర్పును గూర్చి, పేరును గూర్చి, పరిమాణమును గూర్చి తన చట్టము తనకు గలదు. పొరుగువాని సరుకును త్రిప్పి పంపుటకు సుంకపు టధికారి యక్కరలేదు; అట్టి చట్టమొక్కటి చాలును.

కొలోను నగరపు వర్తక సంస్థ యొకటి ఫ్రాన్సునుండి ‘కాసిస్’ అను పండ్ల మద్యమును తెప్పింపబూనినది. అందు మద్యసారము నూటికి 15 మొదలు 20 పాళ్లు. అట్టి పానీయమున కనీసము 25 పాళ్లుండవలెనని జర్మను నిబంధన. కావున నమ్మరాదనిరి. మేము మద్యపానమునకు మిత్రులము కాము. నిషేధ ప్రచారమునకై కాళ్లరుగ దిరిగినవారము. కాని న్యాయసూత్రము సారా సీసాలో దొరకినను గ్రహింపదగినదే.

జర్మను ప్రభుత్వము చేసిన వాదము వినదగినది. మత్తు తక్కువగల పానీయము ప్రజలకు త్రాగుడును సులభముగా నలవాటు చేయునట! మత్తెక్కువగలది మాత్రము ఆరోగ్యరక్షకమా? కొనువాడు మోసపోవునన్న రెండవ వాదమునకు న్యాయస్థానము సూటిగా జవాబిచ్చినది: ఎక్కడ చేసినదో, మద్యసారమెంతయో సీసాపై వ్రాసిన చాలును. 1979 ఫిబ్రవరి 20న వెలువడిన ఆ తీర్పు సారమిది: ఒక సభ్యదేశమున ధర్మముగా తయారై విక్రయింపబడు వస్తువును, ప్రజాహితమునకు తప్పనిసరియైన కారణము చూపిననేగాని, మరియొక సభ్యదేశము నిరాకరింపరాదు.

మా వృత్తి భాషలో చెప్పవలెనన్న, నిరూపణ భారము చేతులు మారినది. మునుపు వాకిట నిలిచినవాడు తన సరుకు మంచిదని రుజువు చేసికొనవలసియుండెను. ఇప్పుడు తలుపు మూయువాడే తన కారణము మంచిదని రుజువు చేయవలెను.

ఇచట నొక యాక్షేపణ వచ్చును. “స్వరాజ్యమునకై పోరాడిన జాతివారము గదా! పొరుగువాని చట్టమును మన వాకిట నంగీకరించుట స్వాధికారమును విడుచుట కాదా?” ఇది తేలికగా త్రోసివేయదగిన ప్రశ్న కాదు. 1987లో జర్మనుల బీరు చట్టము విచారణకు వచ్చినప్పుడు దీనికి జవాబు దొరకినది. 1516 నాటి బవేరియా శాసనమునుండి వచ్చిన యాచారమది. ఆ నియమము ననుసరింపని పొరుగు దేశముల పానీయమును బీరను పేర నమ్మరాదనుట చెల్లదని తీర్పు వచ్చెను. కాని తమ తయారీదారులు తమ నియమమునే పాటింపవలెనని జర్మనులు నిర్ణయించుకొనుటకు అడ్డు లేకపోయెను. తన యింటి వంటను తన విధముగ వండుకొను హక్కు తనదే. ఎదురింటి వంటను వీధిలోనికి రానీయననుట మాత్రము హక్కు కాదు.

విశ్వాసమనగా గ్రుడ్డినమ్మకము కాదు. బ్రిటనులో పశువులకు సోకిన పిచ్చిరోగము మనుష్యుల ప్రాణములకు ముప్పని భయము పుట్టినప్పుడు, 1996 మార్చిలో, ఐరోపా సంఘము బ్రిటిషు గోమాంసపు టెగుమతిని నిలిపివేసినది. ప్రాణభయము నిజమైన కారణము. తగిన కట్టుబాట్లతో నా నిషేధము 1999లో సడలింపబడిన పిమ్మటను ఫ్రాన్సు తలుపు తీయనందున, అది ధర్మవిరుద్ధమని 2001లో న్యాయస్థానము తీర్పు చెప్పెను. కారణము పోయిన పిమ్మట నిలిచిన యడ్డు వట్టి గోడయే.

విశ్వాసము పోయిన నేమగునో అదే బ్రిటను మరల చూపినది. 2021 జనవరినుండి అది ఐరోపా విపణికి వెలుపల నున్నది. ఒడంబడికవలన నియమముల ప్రకారము తయారైన సరుకుపై సుంకము సున్న. అయినను మాంసము, చేపలు పంపువారికి పశువైద్యాధికారి ధ్రువపత్రము అవసరమైనది, తనిఖీలు వచ్చినవి. చిన్న వర్తకునకు సుంకముకంటె ఈ పత్రముల భారమే బరువు.

ఇక మన సంగతి. రాష్ట్రములు వర్తకముపై విధించు నిర్బంధములు సహేతుకములును, ప్రజాహితార్థములును కావలెనని 304వ అధికరణము చెప్పుచున్నది. 2017 జూలై 1న వస్తు సేవల పన్ను వచ్చిన పిదప రాష్ట్రముల సరిహద్దులందలి అమ్మకపు పన్ను తనిఖీ కేంద్రములు తొలగినవి. ఇది సంతోషింపదగినదే. కాని కాగితపు నాకాలు ఎప్పుడైనను మొలవవచ్చును. ప్రజారోగ్యమను పవిత్రమైన పేరు పెట్టుకొని, స్థానిక వర్తకుని లాభమును కాపాడు చట్టములు ఏ దేశమునను అపురూపములు కావు.

అందుచే నెక్కడ సరుకునకు అడ్డు కనబడినను పౌరులు మూడు ప్రశ్నలు వేయవలెనని మా మనవి. దీనివలన వారింపబడు అపాయమేది? ఆ యపాయము సరుకుపై నిజము వ్రాసినంత మాత్రమున తొలగదా? ఇదే కట్టుబాటు మనవారి సరుకునకును వర్తించుచున్నదా? ఈ మూడింటికిని జవాబు గల చట్టమును శిరసావహింతము. జవాబు లేని చట్టము కరోడ్‌గిరికి మారుపేరని యెరుగుదము. దేశము నొకటిగా నుంచునది పటముపైని గీత కాదు. పొరుగూరివాని చేతివస్తువును నమ్మి కొనగలుగుటయే.