కొనని విమానం – కదలని ఫైలు

(డిసెంబరు 17న జరిగిన పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



కార్యదర్శిగారు నన్ను మాట్లాడమన్నప్పుడు డి.ఏ. బకాయిల గురించో, మెడికల్ బిల్లుల గురించో మాట్లాడతానని అనుకొని ఉంటారు. ఆ సంగతులు నాకంటే బాగా చెప్పగలవారు ఈ వేదిక మీదనే ఉన్నారు. నేను మాత్రం మన వైమానిక దళం కొనవలసిన వేళకు కొనని విమానాల గురించి నాలుగు మాటలు చెప్పదలచాను. "గుమాస్తాకు విమానాలతో ఏం పనయ్యా?" అని వెనుక వరుసలో ఎవరో నవ్వుతున్నారు. నిజమే, విమానం ఎలా నడుస్తుందో నాకు తెలియదు. కానీ విమానం కొనే ఫైలు ఎలా నడుస్తుందో, ఎక్కడ ఆగుతుందో మాత్రం మనందరికీ బాగా తెలుసును.

1982 సంవత్సరం మనం మరచిపోలేనిది. పెన్షను అనేది ప్రభుత్వం దయతలచి ఇచ్చేది కాదని, అది మన హక్కని సుప్రీంకోర్టు నకారా కేసులో తీర్పు చెప్పింది ఆ ఏడు డిసెంబరు 17వ తేదీననే. సరిగ్గా ఆ సంవత్సరమే ఢిల్లీలో మరో పని జరిగింది. యుద్ధ విమానాలు తరచూ కూలిపోతున్నందున కారణాలు విచారించడానికి ఎయిర్ మార్షల్ డెనిస్ లా ఫాంటెయిన్ గారి అధ్యక్షతన ఒక కమిటీ వేశారు. ఆ కమిటీ చేసిన సిఫారసులలో ముఖ్యమైనది ఒకటి: కుర్ర పైలట్లకు శిక్షణ కోసం వేగం గల జెట్ శిక్షణ విమానం వెంటనే కొనాలి.

ఎందుకు కొనాలో మన భాషలో చెబుతాను. పర్ణశాల రేవులో దోనె తొయ్యడం నేర్చిన కుర్రవాణ్ణి తీసుకుపోయి, ఆగస్టు వరదలో లాంచీ ఎక్కించి, "ఇక నువ్వే సరంగువి" అంటే ఏమవుతుంది? మన హకీంపేట, దుండిగల్ శిక్షణ కేంద్రాలలో కుర్రవాళ్ళు కిరణ్ అనే నిదానమైన జెట్ మీద నేర్చుకునేవారు. అక్కడనుండి ఏకంగా మిగ్-21 ఎక్కేవారు. అది నేలకు దిగేటప్పుడే గంటకు మూడు వందల కిలోమీటర్ల పైచిలుకు వేగంతో దిగుతుంది. చిన్న పొరపాటు జరిగినా దిద్దుకునే వ్యవధి ఉండదు. నడుమ ఒక మెట్టు ఉండాలి. ఆ మెట్టు లేదు. లా ఫాంటెయిన్ కమిటీ అడిగింది ఆ ఒక్క మెట్టునే.

ఎనభైల దశకంలోనే బ్రిటన్ వారి హాక్, ఫ్రాన్స్–జర్మనీ వారి ఆల్ఫా జెట్ అనే రెండు విమానాలను చూసి, పరీక్షించి, చివరి జాబితాలో పెట్టారు. ఏది కొన్నా పని జరిగేది. ఏదీ కొనలేదు. సిఫారసు చేసిన లా ఫాంటెయిన్ గారే 1985లో దళాధిపతి అయ్యారు. 1988లో పదవీ విరమణ చేశారు. తాను అడిగిన విమానం రాకుండానే ఆయన ఇంటికి వెళ్ళవలసి వచ్చింది. తరువాత 1991లో విదేశీ మారకం కరవై దేశం బంగారం కుదువ పెట్టింది. 1998లో అణు పరీక్షల తరువాత అమెరికా ఆంక్షలు వచ్చాయి. నడుమ రష్యా వారి విమానమూ, చెక్ వారి విమానమూ కూడా పరిశీలనకు వచ్చాయి. చివరకు 2003 సెప్టెంబరులో హాక్ కొనాలని నిర్ణయించి, 2004 మార్చిలో 66 విమానాలకు ఒప్పందం రాసుకున్నారు. 2008 ఫిబ్రవరిలో మన పొరుగున ఉన్న బీదర్‌లో అవి దళంలో చేరాయి. సిఫారసుకూ, విమానానికీ మధ్య ఇరవై ఆరేళ్ళు! మనలో కొందరి మొత్తం సర్వీసు అంత లేదు. ఆల్ఫా జెట్ సంగతి సరేసరి, అది ఎన్నటికీ రానేలేదు.

ఈ ఆలస్యానికి ఖరీదు ఎంత? 2012లో అప్పటి రక్షణ మంత్రి ఎ.కె. ఆంటోనీ గారు పార్లమెంటులో ఒక లెక్క చెప్పారు. అంతవరకూ కొన్న 872 మిగ్ విమానాలలో 482 ప్రమాదాల పాలయ్యాయి. 171 మంది పైలట్లు, 39 మంది పౌరులు, ఇతర సర్వీసుల వారు 8 మంది చనిపోయారు. ఇవన్నీ శిక్షణ లోపం వల్లనే జరిగాయని నేను అనను. యంత్రాల ముసలితనం ఉంది, విడిభాగాల కరవు ఉంది, పక్షులు తగలడం ఉంది. కానీ ఆ ఒక్క మెట్టు సకాలంలో కట్టి ఉంటే వీరిలో కొందరైనా బ్రతికి, ఈపాటికి మనలాగే లైఫ్ సర్టిఫికెట్ కోసం వరుసలో నిలబడి ఉండేవారు.

అలాంటిదే మరొకటి మన రాష్ట్రంలోనే జరిగింది. మొదటి మెట్టు శిక్షణకు వాడే హెచ్.పి.టి.-32 విమానం ఇంజను గాలిలో ఆగిపోతోందని ఏళ్ళ తరబడి ఫిర్యాదులున్నాయి. 2009 జూలై ఆఖరున మెదక్ జిల్లాలో ఒకటి కూలి ఇద్దరు పైలట్లు మరణించాకనే వాటిని నిలిపివేశారు. బదులుగా స్విట్జర్లాండ్ వారి పిలాటస్ విమానాలు 75 కొనడానికి 2012లో ఒప్పందం కుదిరి, మరుసటి ఏడు దుండిగల్‌కు వచ్చాయి. అంటే గట్టిగా అనుకుంటే నాలుగేళ్ళలో పని జరుగుతుందన్నమాట!

ఇక మిరాజ్-2000 సంగతి. అదీ 1982లో కుదిరిన బేరమే. మొదట 40, తరువాత మరి కొన్ని ఫ్రాన్స్ నుండి కొన్నాం. ఇక్కడే తయారు చేసుకునే ఆలోచన కూడా ఆనాడు ఉండి, జారిపోయింది. 1999లో కార్గిల్ కొండల మీద ఆ విమానాలు చేసిన పని మీరు టీవీలలో చూసే ఉంటారు. అందుకే ఆ తరువాత దళం వారు మరో 126 కావాలన్నారు. ఒకే కంపెనీని అడిగితే మాట వస్తుందని అందరినీ పిలిచారు. 2007లో ఆరు కంపెనీలకు టెండరు పత్రాలు ఇచ్చేసరికి ఫ్రాన్స్‌లో మిరాజ్ తయారీయే మూతబడే దశకు వచ్చింది! 2012లో రాఫెల్ తక్కువ ధర అని తేల్చారు. బేరం తెగక, చివరకు 2016లో 36 మాత్రమే కొన్నారు. 2021లో మన దళం ఫ్రాన్స్‌లో వాడి పక్కన పెట్టిన పాత మిరాజ్‌లు 24 విడిభాగాల కోసం కొంటున్నట్లు పత్రికలలో చదివాను. కొత్తవి కొనవలసిన వేళ కొనలేదు, పాత సామాను కొనే రోజు వచ్చింది. 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో ఆఖరి మిగ్-21లకు వీడ్కోలు చెప్పారు. 42 స్క్వాడ్రన్లు ఉండవలసిన చోట 29 మిగిలాయి.

సోదరులారా, ఇందులో దోషి ఎవరు? ఫైలు తెరిచి చూస్తే ఎవరూ ఉండరు. ప్రతి పేజీలోనూ న్యాయమైన కొర్రీయే ఉంటుంది. ధర ఎక్కువ అన్నది న్యాయమే. మరో కంపెనీని కూడా చూడండి అన్నది న్యాయమే. బోఫోర్స్ గొడవ తరువాత సంతకం పెట్టడానికి చెయ్యి వణకడం కూడా మానవ సహజమే. సంతకం పెట్టినవాణ్ణి విచారణకు పిలుస్తారు. పెట్టనివాణ్ణి ఎవరూ పిలవరు. ఇది మన ఆఫీసులలో అందరం నేర్చుకున్న మొదటి పాఠం.

నేనూ నేర్చుకున్నాను. ఇప్పుడు చెప్పేది ఇంతవరకూ మా ఇంట్లో కూడా చెప్పలేదు. 1986 వేసవిలో గోదావరి ఒడ్డున ఒక కార్యాలయంలో నేను సీనియర్ అసిస్టెంటును. పడవలకు బిగించే ఇంజన్లు రెండు కొనడానికి ఇండెంటు నా సీటుకు వచ్చింది. మూడు కొటేషన్లు ఉండాలి, రెండే ఉన్నాయి. కొర్రీ వేశాను. మూడోది తెచ్చారు. దానిమీద తేదీ లేదు. మళ్ళీ కొర్రీ వేశాను. రెండు లోపాలూ మొదటిసారే చూసి ఒకేసారి రాయవచ్చు కదా అని మీరు అడగవచ్చు. రాయవచ్చు. రాయలేదు.

ఆగస్టు 16న భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు వచ్చింది. మీలో చాలామంది కళ్ళారా చూశారు. మా పడవలకు తెడ్లే గతి. ఆ వరవడికి ఎదురు వెళ్ళలేక ఒక గూడెం వాళ్ళను రెండు రాత్రుల తరువాత గుట్టమీద నుండి దించారు. అప్పటికే జ్వరంతో ఒక పసిబిడ్డ పోయింది. ఇంజన్లుంటే బ్రతికేదా అంటే ప్రమాణం చేసి చెప్పలేను. నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు. ఫైలులో నా తప్పు లేదు. ఆ ఇంజన్లు ఆ శీతకాలంలో వచ్చాయి, నా చేతితోనే స్టాకు రిజిస్టరులో ఎక్కించాను.

మా అన్నగారి మనవడు వైమానిక దళంలో చేరాడు. దుండిగల్‌లో పరేడ్‌కు గోల్కొండ ఎక్స్‌ప్రెస్ ఎక్కి వెళ్ళి చూసి వచ్చాను. "మాకు బీదర్‌లో హాక్ ఉంది తాతయ్యా, భయపడకు" అన్నాడు. వాడి వయసువాళ్ళకు ముందు పాతికేళ్ళు ఆ మాట చెప్పుకునే అదృష్టం లేకపోయింది కదా అని నాకు అనిపించింది.

నేను నియమాలు వద్దనడం లేదు. నియమం లేకపోతే దొంగల పాలవుతుంది. నా విన్నపం చిన్నది. మన పిల్లలు, కోడళ్ళు, అల్లుళ్ళు ఇప్పుడు ఆఫీసులలో ఉన్నారు. వారికి మనం చెప్పవలసింది ఒకటుంది. కొర్రీ వేయవలసి వస్తే అన్నీ ఒకేసారి వేయమనండి. వేసేముందు ఆ వస్తువు ఎవరి కోసం, ఏ నెలకు కావాలి అని ఒక్కసారి అడగమనండి. ఆ తేదీ నోట్ ఫైలులో మొదటి వాక్యంగా రాయమనండి. ఆలస్యానికి కూడా ఒక సంతకం ఉండాలి.

 భోజనాల వేళ అయింది, సెలవు తీసుకుంటాను. జై హింద్.