క్రెడిట్ కార్డు: చేబదులా, అప్పా?



చేబదులు అంటే ఏమిటో మీకు నేను చెప్పనక్కరలేదు. నెలాఖరులో పక్కింటివారి దగ్గర వెయ్యి రూపాయలు తీసుకుంటాం, జీతం రాగానే తిరిగి ఇచ్చేస్తాం. కాగితం ఉండదు, వడ్డీ ఉండదు. ఉండేదల్లా మాట ఒక్కటే. అప్పు సంగతి వేరు. దానికి పత్రం ఉంటుంది, గడువు ఉంటుంది, నూటికి ఇంతని వడ్డీ ఉంటుంది. మన సరిహద్దు జిల్లాల్లో దాన్ని కన్నడంలో సాల అంటారు, తమిళంలో కడన్ అంటారు. ఏ భాషలో పిలిచినా లెక్క మాత్రం ఒకటే.

ఈనాడు మనం మాట్లాడుకోబోయే క్రెడిట్ కార్డు ఈ రెంటికీ మధ్య గోడ మీద కూర్చున్న వస్తువు. గడువులోగా బిల్లు మొత్తం కట్టినవారికి అది చేబదులు. కొంత కట్టి కొంత మిగిల్చినవారికి అది అప్పు, అందులోనూ బరువైన అప్పు. మొదటిసారి కార్డు చేతికి వచ్చి, దానితో ఒక పెద్ద వస్తువు కొనాలని అనుకుంటున్నవారు గోడకు ఏ పక్కన దిగబోతున్నారో ముందే తెలుసుకోవాలి. ఈ ప్రసంగం ముఖ్యంగా వారికోసం.

ముందుగా ఒక చిన్న సందేహం తీర్చుకుందాం. రైతు సోదరుల ఇళ్ళలో కిసాన్ క్రెడిట్ కార్డు ఉంటుంది. అది 1998 లో మొదలైన పంట రుణ పథకం. పేరులో పోలిక ఉన్నా, మనం ఇప్పుడు చెప్పుకుంటున్న కార్డు అది కాదు. ఇది బజారులో సరుకులు కొనడానికి బ్యాంకు ఇచ్చే కార్డు. మన తెలుగువారికి ఇదేమీ కొత్త వింత కూడా కాదు. భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు 1923 లో మచిలీపట్నంలో స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 1981 లోనే క్రెడిట్ కార్డులు ఇచ్చింది. ఆ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. ఆ రోజుల్లో పెద్ద పట్నాల్లో కొందరి జేబుల్లోనే కనిపించిన కార్డు ఈనాడు హోసూరు, కోలారు, బళ్ళారి, రాయగడ వంటి ఊళ్ళలో మామూలు ఉద్యోగుల చేతికి వచ్చింది.

ఇక అసలు సంగతికి వద్దాం. అమ్మాయికి ఇంజనీరింగులో సీటు వచ్చింది, లాప్‌టాప్ కావాలి. ధర 60,000 రూపాయలు అనుకోండి. ఇంట్లో కొత్త కార్డు ఉంది, దాని పరిమితి 75,000. "యాభై రోజులు వడ్డీ లేదు" అని కార్డు ఇచ్చినతను చెప్పి వెళ్ళాడు. అతను అబద్ధం చెప్పలేదు, కానీ మొత్తం చెప్పలేదు.

ఆ 50 రోజులు కొన్న రోజు నుంచి లెక్కపెట్టి ఇచ్చేవి కావు. ప్రతి కార్డుకూ నెలలో ఒక బిల్లు తేదీ ఉంటుంది. ఆ తరువాత సుమారు 20 రోజులకు కట్టవలసిన గడువు తేదీ ఉంటుంది. మీ బిల్లు తేదీ ప్రతి నెలా 5, గడువు తేదీ 25 అనుకుందాం. జూన్ 6న లాప్‌టాప్ కొన్నారు. అది జూలై 5 బిల్లులోకి వస్తుంది. జూలై 25 లోగా కడితే చాలు. అంటే 49 రోజులు వడ్డీ లేకుండా వాడుకున్నారు. అదే లాప్‌టాప్ రెండు రోజుల ముందు, జూన్ 4న కొని ఉంటే, మర్నాటి బిల్లులోకే ఎక్కుతుంది. జూన్ 25 కల్లా కట్టాలి. అంటే 21 రోజులే. వస్తువు అదే, ధర అదే. రెండు రోజుల తేడాతో నాలుగు వారాల వెసులుబాటు పోయింది. అందుచేత పెద్ద వస్తువు కొనేవారు బిల్లు తేదీ దాటిన మర్నాడు కొట్టుకు వెళ్ళడం తెలివి.

బిల్లు వచ్చింది. అది చాలామందికి ఇంగ్లీషులోనే వస్తుంది. మన ఇళ్ళలో పిల్లలు కన్నడమో తమిళమో ఒడియానో బడిలో చదువుతారు, పెద్దలు తెలుగు మాట్లాడతారు, బిల్లు మాత్రం ఈ రెంటిలోనూ ఉండదు. కాబట్టి అందులో మూడు మాటలు గుర్తుపెట్టుకోండి. ఒకటి, "పేమెంట్ డ్యూ డేట్". అంటే కట్టవలసిన ఆఖరు తేదీ. రెండు, "టోటల్ అమౌంట్ డ్యూ". అంటే మొత్తం బాకీ. మూడు, "మినిమమ్ అమౌంట్ డ్యూ". అంటే కనీసం కట్టవలసిన మొత్తం. ఈ మూడో మాట దగ్గరే చాలామంది కాలు జారేది.

మన 60,000 బాకీకి కనీస మొత్తం నూటికి 5 చొప్పున 3,000 అని బిల్లులో ఉంటుంది. చూడగానే ప్రాణం తేలికపడుతుంది. మూడు వేలు కడితే ఈ నెల గండం గడిచినట్టే కదా అనిపిస్తుంది. గడిచేది ఆలస్యపు జరిమానా గండం ఒక్కటే. వడ్డీ గండం అప్పుడే మొదలవుతుంది.

ఆ వడ్డీ ఎంతో మన పల్లె లెక్కలో చెప్పుకుందాం. చాలా కార్డులకు నెలకు నూటికి మూడున్నర రూపాయల అటూ ఇటూ ఉంటుంది. సంవత్సరానికి నూటికి 42 రూపాయలన్నమాట. ఊళ్ళో ఎవరైనా నూటికి మూడున్నర వడ్డీకి డబ్బు ఇస్తానంటే మనం ఆ ఇంటి మెట్లు ఎక్కడానికి వెనకాడతాం. అదే వడ్డీ తళతళలాడే కార్డు మీద వస్తే గుర్తుపట్టం. దీనిమీద నూటికి 18 చొప్పున జి.ఎస్.టి. అదనం.

ఇంకో సంగతి కూడా ఉంది. బాకీ మొత్తం కట్టకపోతే, వడ్డీ గడువు తేదీ నుంచి కాదు, కొన్న తేదీ నుంచి లెక్కపెడతారు. జూన్ 6 నుంచి జూలై 25 వరకు 49 రోజులు. 60,000 మీద ఏడాదికి 42 చొప్పున ఆ రోజులకు వడ్డీ సుమారు 3,383. పన్ను 609. మొత్తం 3,992 రూపాయలు. మీరు కట్టింది 3,000. వెనకటి రోజులకు పడిన వడ్డీ, పన్ను కలిపితే దానికన్నా ఎక్కువ! తరువాత మిగిలిన 57,000 మీద నెలకు 1,995 వడ్డీ, దానిమీద 359 పన్ను. అంటే నెలకు 2,354. ఆపైన ప్రతి నెలా మూడు వేలు కడుతూ పోయినా మొదట్లో అసలులో తగ్గేది ఆరేడు వందలే. లాప్‌టాప్ పాతబడుతూ ఉన్నా బాకీ మాత్రం నెమ్మదిగానే తగ్గుతుంది.

పైగా ఇలా బాకీ మిగిలి ఉన్నంతకాలం ఆ కార్డు మీద కొనే కొత్త వస్తువులకు కూడా వడ్డీలేని రోజులు ఉండవు. ఆ మర్నాడు కొన్న పప్పు, ఉప్పులకు సైతం కొన్న రోజు నుంచే వడ్డీ నడుస్తుంది. అలాగే కార్డుతో ఏ.టి.ఎం.లో నగదు తీస్తే, బాకీ ఉన్నా లేకపోయినా, ఆ రోజు నుంచే వడ్డీ, పైన రుసుము. కార్డు కొనుగోలుకే గాని నగదుకు కాదని గుర్తుంచుకోండి.

ఇంత వడ్డీ చట్టం ఒప్పుతుందా అని మీరు అడగవచ్చు. ఏడాదికి నూటికి 30 దాటితే అది అన్యాయమైన వ్యాపార పద్ధతి అని 2008 లో జాతీయ వినియోగదారుల కమిషన్ తీర్పు చెప్పింది. 2024 డిసెంబరు 20న సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టివేసింది. కాబట్టి ఆ 30 అనే హద్దు ఇప్పుడు మనల్ని కాపాడదు. మనం సంతకం చేసిన కాగితంలో ఎంత ఉందో చూసుకోవలసింది మనమే.

"మొత్తం ఒకేసారి కట్టలేను, ఆరు నెలల్లో కడతాను. కొట్టువాడు వడ్డీలేని వాయిదాలు ఇస్తానంటున్నాడు" అనేవారు ఉన్నారు. నో కాస్ట్ ఇ.ఎం.ఐ. అని బోర్డు మీద రాసేది అదే. నెలకు 10,000 చొప్పున 6 నెలలు, మొత్తం 60,000. వడ్డీ ఏదీ కనబడదు. కానీ వడ్డీ లేకుండా ఏ బ్యాంకూ డబ్బు ఇవ్వదు. జరిగేది ఇది: బ్యాంకు తన వడ్డీ తాను వేసుకుంటుంది. ఏడాదికి 15 శాతం అనుకుంటే ఆ వడ్డీ 2,540 రూపాయలు అవుతుంది. అంత మొత్తాన్ని కొట్టువాడో, తయారీ కంపెనీయో ధరలో తగ్గిస్తారు. అంటే బ్యాంకు ఇచ్చే అప్పు 57,460, మీరు కట్టేది 60,000. ఆ వడ్డీ మీద 18 శాతం జి.ఎస్.టి. 457 రూపాయలు మాత్రం మీరే కట్టాలి. ప్రాసెసింగ్ రుసుము 199 ఉంటే పన్నుతో 235. మొత్తం మీద మీకు అదనంగా పడేది 692 రూపాయలు.

ఆరు నెలల గడువుకు ఏడు వందలు పెద్ద ఖర్చు కాదనే నేనూ అంటాను. అయితే ఇంకొక ప్రశ్న అడగాలి. "అయ్యా, ఒకేసారి డబ్బు ఇచ్చేస్తే ఎంత తగ్గిస్తారు?" అని కొట్టువాడిని అడగండి. 2,000 తగ్గిస్తానంటే, ఆ వాయిదాల అసలు ఖరీదు 2,692 అన్నమాట. ఈ ప్రశ్న వేయకుండా వాయిదా కాగితం మీద సంతకం పెట్టకండి. 2013 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు కూడా బ్యాంకులకు రాసిన ఉత్తరువులో, సున్నా శాతం వడ్డీ అనేదే లేదని చెప్పింది. వాయిదా కూడా నెల బిల్లులో భాగమే. ఒక నెల తప్పితే మిగతా వడ్డీ నియమాలన్నీ దానికీ వర్తిస్తాయి.

ఇప్పుడు మన ప్రాంతానికి సంబంధించిన మాట ఒకటి చెప్పాలి. కార్డు పంచాంగం నెల పంచాంగం. నెలకొకసారి బిల్లు, నెలకొకసారి గడువు. నెల జీతగాడికి అది సరిపోతుంది. కోలారు వైపు టమోటా వేసినవారికి, బళ్ళారి వైపు మిరప వేసినవారికి డబ్బు నెలనెలా రాదు. పంట వచ్చినప్పుడు వస్తుంది, ధర ఉంటే వస్తుంది. "కోత కాగానే కట్టేస్తాను" అని కార్డు మీద పెద్ద వస్తువు కొంటే, కోత ఆగస్టులో వస్తుంది, గడువు జూలైలోనే వస్తుంది. పంటను నమ్ముకున్న ఇంటికి చిట్టీ వేసుకుని కూడబెట్టి కొనడమో, బ్యాంకులో తక్కువ వడ్డీకి వేరే రుణం అడగడమో మంచిది.

అయితే కార్డు వద్దే వద్దని నేను చెప్పడం లేదు. సరిగ్గా వాడితే అది మేలే చేస్తుంది. గడువుకు బిల్లులు కట్టే మనిషికి రుణ చరిత్ర ఏర్పడుతుంది. సిబిల్ వంటి సంస్థలు 300 నుంచి 900 వరకు మార్కులు వేస్తాయి. రేపు ఇంటి రుణానికి వెళ్ళినప్పుడు బ్యాంకు చూసేది ఆ మార్కులే. బడిలో మార్కులలాగే ఇవీ ఒక్క రోజులో రావు, పోవడానికి మాత్రం ఎంతోసేపు పట్టదు. పరిమితిలో ఎక్కువ భాగం వాడుకోవడం కూడా మార్కులను తగ్గించవచ్చు. 75,000 పరిమితిలో 60,000 వాడితే అది 80 శాతం. కొన్న తరువాత త్వరగా కట్టేయడానికి ఇదొక కారణం. జీతం చీటీ లేనివారికి ఫిక్సెడ్ డిపాజిట్ మీద కార్డు ఇచ్చే బ్యాంకులు ఉన్నాయి. మొదటి కార్డుగా అది క్షేమం, ఎందుకంటే మన డబ్బే మన హద్దును గుర్తుచేస్తూ ఉంటుంది.

మీ హక్కులు కూడా రెండు మాటల్లో చెబుతాను. 2022 లో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశాల ప్రకారం, మీరు అడగకుండా మీకు కార్డు ఇవ్వకూడదు. బిల్లు తేదీని మీ జీతం తేదీకి అనుకూలంగా మార్చుకునే అవకాశం ఇవ్వాలి. గడువు దాటి 3 రోజులకు మించితేనే ఆలస్య రుసుము వేయాలి. షరతుల కాగితం సులభమైన మాటల్లో, వీలైతే స్థానిక భాషలో కూడా ఉండాలి. కాబట్టి కన్నడంలోనో తమిళంలోనో ఒడియాలోనో కాగితం ఇమ్మని అడగడానికి సంకోచించకండి. మనకు రెండు భాషలు రావడం ఇలాంటి చోటే అక్కరకు వస్తుంది. బిల్లులో తప్పు ఉంటే ముందు బ్యాంకుకు రాతపూర్వకంగా ఇవ్వండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే, వచ్చిన జవాబు తృప్తిగా లేకపోతే, రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. ఇక ఎవరైనా ఫోను చేసి, ఎంత తీయని తెలుగులో మాట్లాడినా, ఓ.టి.పి. చెప్పకండి. మోసం జరిగిందని తెలిసిన వెంటనే 1930 నంబరుకు ఫోను చేయండి.

చివరగా, కొట్టుకు వెళ్ళేముందు ఒక తెల్లకాగితం తీసుకోండి. మూడు ప్రశ్నలు రాసుకోండి. ఈ డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? ఏ తేదీన వస్తుంది? ఆ తేదీ బిల్లు గడువుకన్నా ముందా, తరువాతా? మూడింటికీ జవాబు ఉంటే, నిశ్చింతగా కొనండి. బ్యాంకు డబ్బు 49 రోజులు వాడుకుని, ఒక్క పైసా వడ్డీ లేకుండా తిరిగి ఇచ్చేయండి. మూడో ప్రశ్నకు "తరువాత" అని జవాబు వస్తే, లాప్‌టాప్‌ను ఒక నెల ఆగి కొన్నా అమ్మాయి చదువు ఆగదు. అరువు సొమ్ము బరువుచేటు అన్నారు పెద్దలు. ఆ బరువు ఎన్ని రూపాయలో సంతకం పెట్టకముందే కాగితం మీద చూసుకోమని నా విన్నపం.