పిలిచి తెచ్చుకొన్న చేప

(ముత్తియాల్‌పేటలో జరిగిన సాంస్కృతిక సమావేశమున చేసిన ప్రసంగము యొక్క పాఠము)



ఇట్టి సభలలో సాహిత్యమును గూర్చియో, సంగీతమును గూర్చియో ప్రసంగించుట వాడుక. నేను చేపను గూర్చి మాటలాడెదనని చెప్పినప్పుడు మన కార్యదర్శిగారు ఒక క్షణము నా ముఖమువంక చూచి, తరువాత చిరునవ్వుతో కార్యక్రమపత్రమున వ్రాసికొనిరి. శాకాహారులగు మిత్రులు దీనిని భోజన విషయముగా గాక, మన చెరువుల విషయముగా వినవలెనని ప్రార్థించుచున్నాను.

మనము సమావేశమైన ఈ ముత్తియాల్‌పేట తెలుగు చెవికి ముత్యాలపేటయే. పుదుచ్చేరి పట్టణమునకు ఉత్తరపు వైపున నున్నది. తూర్పున సముద్రము, ఒడ్డున సోలైనగరు, దానికి దక్షిణముగా వైత్తికుప్పము మొదలగు బెస్తపల్లెలు. ఇచ్చట కాపురము పెట్టిన తెలుగు గృహిణి మొదట నేర్చుకొను తమిళపదములలో చేపల పేర్లు ముఖ్యమైనవి. మన పండుగప్ప ఇచ్చట కొడువా. మన చందువ వవ్వాల్. మన నెత్తళ్లు నెత్తిలి. వంజరము మాత్రము ఉభయులకు నొక్కటియే.

చేప పేరు చిన్న విషయము కాదు. విశాఖపట్నమున నుండి మన తీరపు చేపలను పరిశీలించిన పాట్రిక్ రస్సెల్ అను వైద్యుడు 1803లో లండను నగరమున ప్రచురించిన గ్రంథములో వాటికి మన బెస్తవారు పిలుచు పేర్లనే వ్రాసెను. ఆ దారినే ‘కనగుర్త’ అను మాట, మనము కానాగంత యనెడి చేపకు శాస్త్రీయనామములో భాగమై లోకమంతట నిలిచినది. పేరు తెలిసి తినుటకును, పేరు తెలియక తినుటకును భేదము కలదని చెప్పుటయే నా నేటి ప్రసంగమునకు ముఖ్యోద్దేశము.

ప్రతి సంవత్సరము ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు, 61 దినములు, తూర్పుతీరమున యంత్రపు పడవలు వేటకు పోరాదు. చేపలు గ్రుడ్లుపెట్టి వృద్ధిపొందుటకు ఇచ్చిన విరామ మిది. పుదుచ్చేరికి, కారైకాలుకు, మన యానామునకును ఇదే నియమము. నాటుపడవలు తెచ్చు కొద్దిపాటి సరకు అంగడికి వచ్చినను, వంజరమునకు బంగారపు ధర పలుకును. అప్పుడు భోజనశాలలలో వడ్డించు చేపలు చాలవరకు చెరువులవే.

అట్టి మే మాసమున నొకనాడు యానామునుండి మా మేనమామగారు వచ్చిరి. యానామువారికి చేప యనిన పులసయే. సముద్రమునుండి వరదనీటి కెదురీది గోదావరిలో ప్రవేశించు ఆ చేపకొరకు పుస్తెలమ్మినను తప్పులేదని సామెత పుట్టించినవారు వారు. ఆయనను ఈ పేటలోనే ఒక చిన్న భోజనశాలకు తీసికొనిపోయితిని. పండుగప్ప కావలెనని ఆయన యడిగిరి. వడ్డించు పెద్దమనిషి, “పడవలు పోవడము లేదయ్యా. జిలేబి ఉన్నది. ఈ ఉదయము చెరువులో పట్టినది” అని తమిళమున చెప్పెను. మామగారు మిఠాయి యనుకొని, “భోజనము ముందర తీపి యెందుకురా?” అనిరి.

అది మిఠాయి కాదు. తమిళులు ‘జిలేబి కెండై’ అని, మనవారును జిలేబి యనియే పిలుచు తిలాపియా చేప. పచ్చిమామిడికాయ ముక్కలు వేసి, చింతపండు పులుసులో మట్టిదాకలో కాచిన కూర. మామగారు మొదటి ముద్ద సందేహముతో తినిరి; రెండవసారి తామే యడిగి వేయించుకొనిరి. చేయి కడుగుకొనుచు, “పులస కాదుగాని, పులుసు మాత్రం పులసకు తగ్గదురా అబ్బాయీ” అనిరి. ఇంతకంటె గొప్ప యోగ్యతాపత్రము యానామువారి నోట రాదు.

ఆ జిలేబి కథ వినదగినది. ఇది తూర్పు ఆఫ్రికా నదులలో పుట్టిన జాతి. 1930లలో జావా ద్వీపమున కనబడి, అక్కడనుండి ఆసియా దేశములకు ప్రాకినది. ఆహారపు కొరత తీవ్రముగా నున్న దినములలో, చవుకగా మాంసకృత్తు లభించునను సదుద్దేశముతో 1952లో మన దేశమునకు తెచ్చిరి. పిలువని పేరంటమునకు వచ్చినది కాదు. మనమే బొట్టుపెట్టి పిలిచితిమి.

వచ్చిన చుట్టము గుణము తరువాత తెలిసినది. తల్లిచేప గ్రుడ్లను నోటనే దాచి పొదుగును. పిల్లలైన పిదపకూడ అపాయము తోచినచో మరల నోటిలోనికి తీసికొనును. పుట్టిన రెండు మూడు మాసములకే తల్లియగును. సంవత్సరమునకు అనేక పర్యాయములు పిల్లలను చేయును. మంచినీటిలోను, ఉప్పునీటిలోను, మురికినీటిలోను బ్రతుకును. కొద్దికాలములో చెరువంతయు నిండి, అందరును అర్ధాకలితో అంగుళముల చేపలై మిగులుదురు. మన బొచ్చె, శీలావతి చేపల పిల్లలకు మేతయు, చోటును కరవగును. ఈ సంగతి గ్రహించి 1959లో భారత మత్స్యపరిశోధక సంఘమువారు దీని వ్యాప్తిని నిషేధించిరి. కాని ఆ ఉత్తర్వు ప్రతి చేపలకు పంపబడలేదు. ఏడు సంవత్సరములలో అవి దక్షిణదేశపు చెరువులలో స్థిరనివాసులైనవి.

పిమ్మట వచ్చినవారును కలరు. ఆఫ్రికా క్యాట్‌ఫిష్ ఇతర చేపలను మ్రింగునదగుటచే 2000లో కేంద్రప్రభుత్వము దాని పెంపకమును నిషేధించినది. అయినను దొంగచాటుగా పెంచువారున్నట్లు వార్తలు వచ్చుచునే యున్నవి. దక్షిణ అమెరికానుండి గాజుతొట్లలో పాచి తినుటకని తెచ్చిన కవచపు చేప, తొట్టి చాలనంత పెరిగిన పిదప గృహస్థులు కాలువలో వదలుటచే, నేడు మన కృష్ణాజిల్లా చేపల చెరువులలోను వలలను చింపుచున్నది. గట్లలో బొరియలు త్రవ్వి గ్రుడ్లు పెట్టును. పత్రికలవారు దానిని దయ్యపుచేప యనుచున్నారు. పాపము, దయ్యమును సీసాలోనుండి వదలినది మనమే.

ఇతర దేశముల అనుభవము చూడుడు. అందమైన చారలును, విషపు ముండ్లును గల లయన్‌ఫిష్ మన హిందూమహాసముద్రమునకు, పసిఫిక్ సముద్రమునకు చెందినది. 1985లో అమెరికాలోని ఫ్లోరిడా తీరమున కనబడి, కరీబియన్ దీవులవరకు వ్యాపించి అక్కడి చిన్నచేపలను హరించినది. ముండ్లలో విషమేగాని మాంసములో లేదు. కావున 2010 మొదలు అక్కడి ప్రభుత్వశాఖవారే దీనిని పట్టి తినుడని ప్రజలను ప్రోత్సహించిరి.

మరియొక వింత. తెలంగాణమునకు రాష్ట్రమత్స్యమైన కొర్రమీనును బాలింతలకును, రోగమునుండి లేచినవారికిని పథ్యముగా పెట్టుదుము. దాని దాయాదియగు చైనాదేశపు కొర్రమీను 2002లో అమెరికాలోని మేరీలాండు రాష్ట్రమున నొక గుంటలో కనబడినపుడు, ప్రభుత్వమువారు ఆ గుంటలో మందు చల్లి చంపించిరి. 2004 నాటికి అది పొటోమాక్ నదిలో కనబడెను. పాముతల చేప యను దాని ఆంగ్లనామము భోజనప్రియులకు రుచింపదని, 2024లో ఆ రాష్ట్రమువారు ‘చెసపీక్ చన్నా’ యని శాసనముచే నామకరణము చేసిరి. చైనా గండెచేపలకు ఇల్లినాయి రాష్ట్రమువారు 2022లో ‘కోపీ’ యని క్రొత్తపేరు పెట్టిరి. మన తమిళ సోదరులు ఏ శాసనమును లేకయే ఆఫ్రికా చేపకు మిఠాయి పేరు పెట్టి నోరూరించిరి!

ఒకచోట పథ్యమైనది మరియొకచోట ఉపద్రవమగుచున్నది. కావున చేపయందు దోషము లేదు. దాని శత్రువులును, మిత్రులును లేని నీటిలో దానిని దింపిన మనుష్యునియందే దోషము.

మరి తినుటచే ఈ దోషము తీరునా? కొంత తీరును. చెరువులో స్వేచ్ఛగా పెరిగిన జిలేబిని పట్టి తినిన, అంతమేరకు స్వదేశపు చేపకు చోటు చిక్కును. వేట నిలిచిన మాసములలో సముద్రమునకును విశ్రాంతి కలుగును. చిన్న వలగల పేదవానికి నాలుగు రూపాయలు వచ్చును. కాని ఒక చిక్కు కలదు. ధర పెరిగిన వస్తువును ఎవరును నాశనము కానీయరు. జిలేబికి గిరాకి హెచ్చిన యెడల, నేడు చెరువునుండి తీయువాడే రేపు క్రొత్త చెరువులో వదలును. పళ్లెములో శత్రువును జయించితిమని మనము సంతోషించుచుండగా, గట్టుమీద వాడు వృద్ధి పొందుచుండును.

జిలేబిని పెంచుటయే నేరమని నా యభిప్రాయము కాదు. 2009లో కేంద్రప్రభుత్వమువారు నైలునది జాతి జిలేబిని నియమములతో పెంచుటకు అనుమతించిరి. పిల్లలు పుట్టకుండునట్లు ఒకే జాతి లింగపు చేపలను పెంచవలెను. చెరువునుండి కాలువలోనికి జారిపోకుండ అడ్డుకట్టలు, జాలీలు ఉండవలెను. కృష్ణాజిల్లా మణికొండలో ఈ జాతి మేలిరకపు పిల్లలను ఉత్పత్తిచేయు ప్రభుత్వకేంద్రమును ఏర్పరచిరి. నియమము పాటించిన పెంపకము జీవనోపాధి; పాటింపనిది మరల 1952 నాటి కథ. వ్యత్యాసము మనము కొను చేపలో కనబడదు. అడిగిననే తెలియును.

కావుననే హోటలులో కూర్చున్నప్పుడు అడుగవలెనని నా మనవి. నేడు పట్టణములలో ‘ఫిష్ ఫ్రై’ అను ఒక్క మాటక్రింద ఎన్నో చేపలు దాగియున్నవి. తోలు ఒలిచి, ముండ్లు తీసి, ఎఱ్ఱని మసాలా పూసిన ముక్క వంజరమో, పంగసో, జిలేబియో చెప్పుట అనుభవజ్ఞులకును కష్టము. చవుక చేపను ఖరీదైన పేరుతో అమ్ముట ఒక అన్యాయము. మంచి చేపను దాని పేరు చెప్పుటకు సిగ్గుపడి అమ్ముట మరియొక అన్యాయము. మా మేనమామగారికి వడ్డించిన ఆ పెద్దమనిషి పండుగప్ప యని చెప్పి జిలేబిని పెట్టియుండవచ్చును. అట్లు చేయలేదు. ఆ భోజనము మాకు జ్ఞాపకముండుటకు మామిడికాయ యెంత కారణమో, ఆయన సత్యమును అంత కారణము.

వంటను గూర్చియు ఒక మాట చెప్పవలెను. లేనిచో ఇంటివద్ద నన్ను క్షమింపరు. చెరువుచేపకు మన్నువాసన యుండునని చాలమంది దానిని విడుతురు. నీటిలోని సూక్ష్మజీవుల వలన పుట్టు జియోస్మిన్ అను పదార్థము ఆ వాసనకు ముఖ్యకారణము. పులుపు తగిలిన అది విరిగిపోవును. ఉప్పు, పసుపు, నిమ్మరసము పట్టించి కడిగి, చింతపండు పులుసు పెట్టు మన పెద్దల అలవాటు రుచికొరకు మాత్రమే కాదన్నమాట. అయితే మురికికాలువలో పట్టిన చేపలోని దోషములు ఏ చింతపండుతోను పోవు. జిలేబి మురికిలోను బ్రతుకగలదు గనుకనే, అది ఎక్కడిదని అడుగుట మరింత అవసరము.

ఇక నా మనవులు మూడు. భోజనశాలలో చేపను కోరునప్పుడు పేరును, వచ్చిన చోటును అడుగుడు. వేట నిలిచిన 61 దినములలో చిన్నపిల్ల వంజరమునకై పట్టుపట్టక, మంచి చెరువులో పట్టిన జిలేబిని గౌరవముగా తినుడు. ఇంటి గాజుతొట్టిలోని చేప పెరిగి బరువైనచో, దానిని తెచ్చిన దుకాణమునకే తిరిగి ఇండు. పిల్లలు జాలిపడినను చెరువులో మాత్రము వదలకుడు. మన ప్రక్కనే ఊసుడు చెరువు కలదు. 2008లో పక్షులకు ఆశ్రయస్థానముగా ప్రకటింపబడినది. శీతకాలమున దూరదేశములనుండి పక్షులు తమంత తామే అచ్చటికి వచ్చి, కాలము తీరగనే తామే తిరిగి పోవుచున్నవి. మనము చేతితో తెచ్చి వదలిన చేప తిరిగి పోదు. దానిని తెచ్చినవారి బాధ్యతయును తీరిపోదు.

 భోజనమునకు వేళ మించిపోవుచున్నది గనుక ఇంతటితో విరమించుచున్నాను. నేటి విందు శాకాహారమేయని కార్యదర్శిగారు ఇప్పుడే నాకు చీటీ పంపినారు.